పులికాట్ దారిలో మూడు స్కానర్లు

చిత్తూరు నుంచి పులికాట్ సరస్సుకు ఎంతసేపు పడుతుందని పోయిన నెలలో ఎవరైనా అడిగి ఉంటే, దర్జాగా నాలుగున్నర గంటలని చెప్పేవాడిని. ఇప్పుడు అడగండి, పదకొండు గంటలని చెబుతాను. దారి మారలేదు, దూరం పెరగలేదు. నూటడెబ్బై, నూటఎనభై కిలోమీటర్లే. మధ్యలో నా కారు డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపుపచ్చ లైటు ఒకటి వెలిగింది, అంతే. ఆ లైటు ఎందుకు వెలిగిందో చెప్పడానికి మూడు ఊళ్ళలో ముగ్గురు మనుషులు మూడు మిషన్లు పెట్టి మూడు రకాలుగా చెప్పారు. పక్షుల కోసం వచ్చినవాళ్ళు చివరికి పోయి చదువుకోవచ్చు. కారులో పోదామనుకునేవాళ్ళు మాత్రం మొదటినుంచీ చదవండి.

అసలు ఈ ప్రయాణం మా ఇంటావిడ గిరిజ కోసం. నా మేనమామ కూతురే, చిత్తూరులో హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. రెండేళ్ళ కిందట మొగిలి ఘాట్‌లో ఒక మలుపు దగ్గర నేను లారీని దాటబోయి కారును పిట్టగోడకు రాసేశాను. దాటాల్సినంత తొందరేమీ లేదు. దాటొద్దని పక్కన కూర్చుని ఆమె చెప్పింది కూడా. నాకు గీత కూడా పడలేదు, ఆమెకు కుడి మణికట్టు విరిగింది. నెలన్నరపాటు కట్టుతో, ఎడమచేత్తో బోర్డు మీద రాసి పాఠాలు చెప్పింది. నన్ను ఒక్క మాటా అనలేదు. కానీ ఆ రోజు నుంచి నేను తోలే కారు ఎక్కలేదు. పలమనేరులో పెళ్ళైనా, పుత్తూరులో పేరంటమైనా ఆమె ఆర్టీసీ బస్సులో, నేను కారులో. ఒకసారి ఆ బస్సు వెనకాలే, ఆమె కూర్చున్న కిటికీని చూసుకుంటూ నలభై కిలోమీటర్లు తోలాను. చుట్టాలకు ఇదొక నవ్వులాట. నాకు మాత్రం లోపల గుచ్చుకుంటూనే ఉండేది.

అలాంటిది పోయిన నెలలో తనంతట తనే అంది. "బావా, చలికాలం పులికాట్‌కు రాజహంసలు వస్తాయంట. పదేండ్లుగా పిల్లోళ్ళకు బొమ్మలో చూపిస్తా ఉండా. ఒకసారి కండ్లతో చూడాల. నీ కారులోనే పోదాం." నేను వెంటనే సరే అని, వెంటనే భయపడ్డాను. ఈ ప్రయాణం సాఫీగా జరిగితే ఆమె మళ్ళీ నా పక్కన కూర్చుంటుంది. జరగకపోతే ఇక కూర్చోదు, మళ్ళీ అడిగే ముఖమూ నాకుండదు. రాజహంసలు కనబడినా కనబడకపోయినా నాకు ఒకటే.

కారుకు ఆ సంగతి తెలిసినట్టుంది. బయలుదేరడానికి సరిగ్గా వారం ముందు ఆ పసుపు లైటు వెలిగింది. అంతకు ముందు కొన్ని వారాలుగా అప్పుడప్పుడు ఇంజిన్ తడబడేది, శనివారాల్లో మరీ ఎక్కువ. మా బ్యాంకులో క్యాషియరైతే, శనివారం కదా, నువ్వుల నూనె దీపం పెట్టమన్నాడు. నేను దీపం పెట్టకుండా చిత్తూరులో మా మామూలు మెకానిక్ మునిరత్నం దగ్గరికి పోయాను. ఆయన పాతకాలంలో ఇంజిన్‌కు చెవి ఆనించి జబ్బు చెప్పేవాడు. ఇప్పుడు కొత్తగా స్కానర్ కొన్నాడు. స్టీరింగ్ కింద ఒక సాకెట్ ఉంటుంది, దానికి మిషన్ వైరు తగిలిస్తే కారులోని కంప్యూటరు తన జబ్బును ఒక కోడ్ రూపంలో చెబుతుంది. ఆ కోడ్ చూసి మునిరత్నం, "గాలి ఒత్తిడి సూసే సెన్సర్ పోయిండాది సార్" అన్నాడు, డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పినంత గంభీరంగా. బానెట్ ఎత్తి పని చేస్తున్నంతసేపూ నేను స్టీరింగ్ ముందు కూర్చుని, ఆయన చెప్పినప్పుడల్లా యాక్సిలరేటర్ తొక్కాను. బానెట్ లోపల ఏముంటుందో నాకు తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. నీళ్ళూ ఆయిలూ ఎప్పుడూ ఆయనే చూస్తాడు. కొత్త సెన్సర్‌కు రెండువేల ఏడువందలు తీసుకుని, "పాత ఎర్రర్లన్నీ ఎరేజ్ చేసేసినా, ఇంక పులికాట్ ఏంది, కలకత్తాకైనా పోండి" అన్నాడు. లైటు ఆరిపోయింది.

మేం బయలుదేరింది శనివారం పొద్దున ఆరుకు. గిరిజ ముందు సీట్లో కూర్చుంది. రెండేళ్ళ తర్వాత. ఒళ్ళో స్కూలు నుంచి అడిగి తెచ్చిన బైనాక్యులర్, కాళ్ళ దగ్గర కాఫీ ఫ్లాస్కు. ఒక చెయ్యి మాత్రం తలుపు పైన ఉండే పిడిని పట్టుకునే ఉంది. నేను కట్టమంచి దాటేవరకు ఊపిరి కూడా మెల్లగానే తీసుకున్నాను. చిత్తూరు నుంచి తిరుపతికి డెబ్బై కిలోమీటర్లు. పొద్దున పూట లారీలు తక్కువ, గంటన్నర చాలు. ఎడమవైపు కొండల మీద మంచు, పక్కనే చెరుకు తోటలు, బెల్లం వండే చోట పొగ. అంతా బాగుంది. పాకాల క్రాస్ దాటి కాశిపెంట్ల దగ్గరికొచ్చేసరికి లైటు వెలిగింది.

"బావా, అది ఎలిగింది" అంది గిరిజ.

"ఏది?" అన్నాను.

"నువ్వు రెండు నిమిషాలుగా దొంగసూపులు సూస్తా ఉండేదే."

అదే సమయానికి ఇంజిన్ రెండుసార్లు దగ్గింది. కారు ముందుకు తోసి, వెనక్కి లాగి, మళ్ళీ మామూలుగా పోయింది. ఆమె రెండో చేత్తో కూడా పిడి పట్టుకుంది. కొత్త సెన్సర్ వేసి వారమైనా కాలేదే అని మునిరత్నాన్ని మనసులో తిట్టుకుంటూ చంద్రగిరి వరకు లాక్కొచ్చాను. అక్కడ కోట వైపు తిరిగే చోట తాటాకు పందిరి వేసిన చిన్న హోటల్ ఉంది, ఆ దారిన పోయేవాళ్ళు తప్పకుండా ఆగండి. నలుగురికి సరిపడా ఇడ్లీ ఇద్దరికి పెడుతుంది ఆ అమ్మ, శెనక్కాయల చట్నీ అడిగినంత పోస్తుంది. ఇద్దరికీ కలిపి ముప్పై రూపాయలు. హోటలమ్మ పెనం దగ్గర నుంచే నా కారు వైపు చూసి అడిగింది. "ఏం సార్, బండి నిలబెట్టినాక కూడా వొణకతా ఉండాదే? యాడికి పోవాల?"

"పులికాట్‌కమ్మా."

"దీంట్లోనా?" అని నన్ను కాదు, గిరిజను అడిగింది. గిరిజ తల వంచుకుని ఇడ్లీ తింటూ నవ్వు ఆపుకుంది. నవ్విందే చాలనుకున్నాను.

మునిరత్నం మీద నమ్మకం పోయింది కాబట్టి తిరుపతిలో నా కారు కంపెనీ పేరు పెట్టుకున్న పెద్ద సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోయాను. ఎనిమిదీ ముప్పావుకు గేటు దగ్గరున్నాం, తొమ్మిదిన్నరకు తీశారు. మెడకు టై కట్టుకున్న ఒక కుర్రాడు నా పేరు, మా నాయన పేరు, కారు పుట్టుపూర్వోత్తరాలు అన్నీ రాసుకున్నాడు. రాసుకున్నవాటిలో ఒక్కటీ జబ్బుకు సంబంధించింది కాదు. తర్వాత మమ్మల్ని అద్దాల గదిలో కూర్చోబెట్టారు. ఏసీ ఉంది, చేపల తొట్టి ఉంది, మిషన్ టీ ఉంది. కారు మాత్రం ఆ అద్దంలోంచి కనబడదు. గిరిజ పావుగంట చేపల్ని చూసి లేచింది. "నేను తిరుచానూరు పోయి అమ్మవారిని సూసొస్తా బావా. నువ్వు చేపల్ని సూసుకో" అని ఆటో ఎక్కింది.

పదిన్నరకు టై కుర్రాడు ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని వచ్చాడు. ఇది రెండో స్కానర్ అన్నమాట. "సార్, థ్రాటిల్ సెన్సర్ ఫాల్ట్ సూపిస్తా ఉండాది" అన్నాడు.

"పోయిన వారం గాలి ఒత్తిడి సెన్సర్ అని కదయ్యా చెప్పారు? అది మార్చేశాను కూడా."

"అది మా సిస్టంలో ల్యాదు సార్."

"ఎందుకుంటుంది? ఆయన చెరిపేశాడు."

"అదే సార్. చెరిపేస్తే మాకెట్ల తెలుస్తాది?" అన్నాడు, తప్పంతా నాదే అన్నట్టు. సరే, నా కారు తడబడుతోంది, దానికి కారణం ఏమిటో చెప్పవయ్యా అంటే, సిస్టం ఏం చెప్తే అదే చెప్తామన్నాడు. అప్పుడప్పుడే తడబడుతోందని, లైట్లు వేసినప్పుడు ఎక్కువగా ఉన్నట్టుందని నేను చెప్పబోతే, ఆ గళ్ళు జాబ్‌కార్డులో లేవన్నాడు. చివరికి ఏదో విప్పి, కడిగి, మళ్ళీ బిగించి, తొమ్మిదివందలు బిల్లు వేసి, వెళ్ళేముందు ఎంతో మర్యాదగా, "ఎర్రర్ ఎరేజ్ చేసేసినాము సార్" అన్నాడు. ఏదో ఒకటి తుడిచేయకపోతే వీళ్ళకు పని అయినట్టు అనిపించదేమో.

పదకొండున్నరకు గిరిజ తిరుచానూరు నుంచి తలలో మల్లెపూలతో వచ్చింది. వచ్చి వెనక తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చుంది. "కాళ్ళు చాపుకుంటా" అంది. ఆమె కాళ్ళు చాపుకోలేదు. నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను, ముందు సీటు వెనక భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. రేణిగుంట దాటాక శ్రీకాళహస్తి రోడ్డు బాగుంటుంది, రెండువైపులా చెట్లు, మెల్లగా పోయినా ఏర్పేడుకు అరగంట. ఆ అరగంట కూడా నాకు పూర్తిగా దక్కలేదు. ఏర్పేడు ఊళ్ళోకి దిగుతుండగా లైటు వెలిగింది, ఇంజిన్ ఆగిపోయింది. వెనక నుంచి ఒక ఇసుక లారీ కర్ణకఠోరంగా హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని రాసుకుంటున్నట్టే దాటిపోయింది. గిరిజ అరవలేదు. అరిచినా బాగుండేది. కారు పక్కకు ఒరిగి ఆగేదాకా కళ్ళు మూసుకుని కూర్చుని, తర్వాత తలుపు తీసుకుని దిగింది.

"బావా, నువ్వు బండి బాగు చేయించుకోని నిదానంగా రా. నేను బస్సులో ఇంటికి పోతా" అంది. కోపంగా కాదు, స్కూల్లో పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. రోడ్డు దాటి, తిరుపతి బస్సులు ఆగే చోట వేపచెట్టు నీడలో నిలబడింది. నేను మధ్యాహ్నం పన్నెండుంబావు ఎండలో, రోడ్డుకు ఈ పక్కన, కారు బానెట్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. చెయ్యి కాలింది కూడా.

ఎదురుగానే బ్యాటరీలు, డైనమోలు బాగుచేసే షెడ్డు ఒకటుంది. ప్రభుదాస్ అని యాభై ఏళ్ళ మనిషి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, షెడ్డు గోడకు సిలువ బొమ్మ. నా అవస్థ చూసి తనే వచ్చాడు. తువ్వాలులో చుట్టిన ఒక వస్తువు తీశాడు. మూడో స్కానర్! మద్రాసులో పాతసామాన్ల అంగట్లో కొన్నాడట. నాకు ఒళ్ళు మండిపోయింది. "స్కానర్ వద్దయ్యా, నీకు దండం పెడతా. పెట్టిన ప్రతివాడూ ఒక కొత్త జబ్బు చెప్తాడు, పాతది చెరిపేస్తాడు" అని వారం రోజుల కోపమంతా ఆయన మీద వెళ్ళగక్కాను. ఆయన నేను అయిపోగొట్టేదాకా నిలబడ్డాడు.

"చెరపను సార్" అన్నాడు. "ముందు ఒక మాట. ఎన్నాళ్ళ నుంచి ఇట్ల? ఎప్పుడెప్పుడు వస్తాది?"

ఈ ప్రశ్న ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. శనివారాలు, లైట్లు వేసినప్పుడు, ఫ్యాను తిరిగినప్పుడు అని వరసగా చెప్పాను. ఆయన మిషన్ తగిలించాడు. కోడ్ చూసి చూడనట్టు వదిలేసి, ఇంకో బటన్ నొక్కాడు. ఇంజిన్‌లో ప్రతి సెన్సర్ ఆ క్షణంలో ఏం కొలుస్తోందో అంకెల్లో కనబడింది. నన్ను స్టార్ట్ చేయమన్నాడు. రెండు మూడు ప్రయత్నాలకు ఇంజిన్ అందుకుంది. ఇంజిన్ నీళ్ళ వేడి తొంభై డిగ్రీలు. "ఇప్పుడు హెడ్‌లైట్లు ఎయ్యండి సార్" అన్నాడు. వేశాను. తొంభై కాస్తా యాభై రెండుకు పడింది. ఆపితే మళ్ళీ తొంభై. గాలి ఒత్తిడి అంకె, థ్రాటిల్ అంకె కూడా దాంతోపాటే ఎగిరిపడ్డాయి.

"ఇంజిన్‌లో నీళ్ళు కన్నుమూసి తెరిసేలోపల సల్లారిపోయి మల్లా కాగుతాయా సార్?" అని నవ్వాడు. "సెన్సర్లు మూడూ మంచివే. మూడూ ఒకేసారి తప్పు చెప్తా ఉండాయంటే, వాటి వెనక ఒకటే ఏదో సెడిపోయిండాది. ఎర్త్ వైరు సూడాల." కరెంటు అన్ని సెన్సర్లకూ పోయి, తిరిగి వచ్చి కారు బాడీకి కలిసే తీగ అన్నమాట. ఆ తీగ బిగించిన బోల్టు సరిగా లేకపోతే, ఏది కొలిచినా తప్పే. వారం నుంచి నేను తిరుగుతున్నది ఈ నాలుగు ముక్కల కోసం.

ప్రభుదాస్ టార్చి పట్టుకుని బానెట్ ముందు భాగంలోకి వంగాడు. ఒకచోట టార్చి ఆపాడు. లేచి చేతులు తుడుచుకుని, "సార్, అమ్మ యాడుండాది?" అన్నాడు.

"ఆమెకేం సంబంధం? నాకు చెప్పండి."

"అమ్మతోనే మాట్లాడాల సార్" అని, నా జవాబు కోసం ఆగకుండా రోడ్డు దాటాడు. అప్పుడే తిరుపతి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తిరుపతి తిరుపతి అని అరుస్తున్నాడు. గిరిజ మెట్టు మీద ఒక కాలు పెట్టింది. ప్రభుదాస్ ఆమె దగ్గర నిలబడి, తల కొంచెం వంచి ఏదో అన్నాడు. ఆ మాటలు ఆయన తర్వాత చెప్పాడు. "అమ్మా, బానెట్ లోపల దిష్టికి కట్టిండేది మీరేనా? మాకు ఆ పట్టింపు ల్యాదు గానీ, వేరేవాళ్ళు తీస్తే మీ మనసుకు బాగుండదు. మీరే వచ్చి తీయండమ్మా." గిరిజ కాలు వెనక్కి తీసుకుంది. బస్సు వెళ్ళిపోయింది.

ఆమె వచ్చి నా పక్కన నిలబడ్డాక, మొదటిసారి నేను నా కారు బానెట్ లోపలికి సరిగ్గా చూశాను. ముందు లైటు వెనకాల ఒక బోల్టుకు సన్న ఇనుప తీగతో నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు కట్టి ఉన్నాయి. నిమ్మకాయ నిన్నటిదే, నిగనిగలాడుతోంది. దాని కింద ఎండి నల్లబడ్డ పాత తీగలు, పాత కాయల తొక్కలు. తీగ గుచ్చిన చోటు నుంచి ఆరు నెలలుగా కారిన పుల్లటి రసం ఆ బోల్టు మీద, దాని కిందనున్న ఎర్త్ వైరు మీద పచ్చటి పొడిలా పేరుకుపోయింది. బోల్టు ఎక్కడో, తుప్పు ఎక్కడో తెలియడం లేదు.

"ఎవరు కట్టారు ఇది?"

"నేనే. శుక్రవారం శుక్రవారం మారుస్తా."

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వేసవిలో కారు ముందు బంపరుకు ఒక నిమ్మకాయ వేలాడుతుంటే, మనదేమన్నా టమోటా లారీనా అని తెంపి పారేశాను. కట్టినవాళ్ళు ఎవరని కూడా అడగలేదు. గిరిజ ఆ తర్వాత కింది వాటాలో ఉండే ఆటో ఆయన దగ్గర బానెట్ తీయడం నేర్చుకుందట. నేను స్నానానికి పోయిన పది నిమిషాల్లో, ప్రతి శుక్రవారం, నాకు కనబడని చోట కట్టేది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. స్కానర్ ఎట్లా పడుతుంది?

నాకు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. అనవసరంగా మార్చిన సెన్సరు, చేపల తొట్టి ముందు రెండు గంటలు, ఎండ, ఇసుక లారీ. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు తిరిగాను కదా అని నోరు తెరిచాను. నేను ఏదో అనేలోపే గిరిజ అంది.

"నెలకు రెండుసార్లు ఆడిట్ పనికి బెంగుళూరు పోతాండావు. ఆ మొగిలి ఘాట్ మీదే, ఒక్కడివే. నేను పక్కనుంటే మలుపులో దాటొద్దని చెప్తా. ల్యాకుంటే ఏం చెయ్యమంటావు బావా?"

ప్రభుదాస్ ఆ మాట విననట్టు షెడ్డులోకి పోయి స్పానర్ వెతకడం మొదలుపెట్టాడు. చేతిలో స్పానర్ ఉండగానే. రెండేళ్ళుగా ఆమె భయమంతా తన చెయ్యి గురించే అనుకుంటూ వచ్చాను.

గిరిజ తన చేత్తోనే నిమ్మకాయ విప్పి, పాత తొక్కలన్నీ ఏరి, ఎవరూ తొక్కని చోట కంపచెట్ల కింద వేసి వచ్చి చేతులు కడుక్కుంది. ప్రభుదాస్ బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, వైరు కొసకు కొత్త బిళ్ళ వేసి బిగించి, పైన గ్రీజు రాశాడు. ఇరవై నిమిషాల పని. మళ్ళీ మిషన్ పెట్టి లైట్లు వేయించాడు. తొంభై తొంభైగానే ఉంది. నూటయాభై రూపాయలు తీసుకున్నాడు, అందులోనే మాకు రెండు టీలు తెప్పించాడు. ఈ లోపల నేను ఉక్రోషం ఆపుకోలేక తిరుపతి టై కుర్రాడికి ఫోన్ చేశాను. బానెట్‌లో నిమ్మకాయ కనబడలేదా నాయనా అని అడిగితే, "కనబడింది సార్, దిష్టికాయ కదా! ఒకరు కట్టింది మేమెట్ల ముట్టుకుంటాం? దానికి తగలకుండా జాగర్తగా పని చేసినాము" అన్నాడు, మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ. మునిరత్నానికీ చేశాను, ఆయనదీ అదే మాట. పైగా, "మేడమ్ కట్టింది అని నాకు ముందే తెలుసు సార్" అని కూడా అన్నాడు. ముట్టుకుంటే ఆ దిష్టి తమకు తగులుతుందని భయం. ఇంత పెద్ద స్కానర్లు పెట్టుకుని ఇద్దరూ జబ్బును కళ్ళారా చూసి, దండం పెట్టి పక్కకు జరిగారన్నమాట. తిట్టడానికి కూడా ఓపిక లేక ఫోన్ పెట్టేశాను.

వెళ్ళేముందు ప్రభుదాస్ గిరిజతో, "అమ్మా, కావాలంటే లోపల అద్దం కాడ కట్టుకోండి. ఆడ వైర్లు ల్యావు" అన్నాడు.

"ఇంక వద్దులేన్నా" అంది గిరిజ. ముందు తలుపు తీసుకుని నా పక్కన కూర్చుంది. "నేనే ఉంటా కదా."

రెండింటికి ఏర్పేడు వదిలాం. శ్రీకాళహస్తిలో భోజనం, ఆకు వేసి ఒక్కొక్కరికి ముప్పై ఐదు రూపాయలు, రసం బాగుంది. అక్కడి నుంచి నాయుడుపేట, సూళ్ళూరుపేట మీదుగా పోవాలి. నాయుడుపేట చేరకముందే వరిగడ్డి లారీ ఒకటి రోడ్డంతా నిండుకుని ముందు పోతోంది. నా కాలు యాక్సిలరేటర్ మీద అలవాటుగా కదిలింది. "బావా, ఆగు" అంది. ఆగాను. ఆ గడ్డి వెనకాల ఎనిమిది కిలోమీటర్లు పోయాం, కారంతా గడ్డి నుసి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు నీళ్ళ మధ్యలోంచే పోతుంది, పది కిలోమీటర్లలో అటకానితిప్ప. సాయంత్రం ఐదుకు అక్కడ దిగాం. రాజహంసలు చాలా దూరంగా, నీళ్ళ మీద ఎవరో గులాబిరంగు చీర ఆరేసినట్టు కనబడ్డాయి. బైనాక్యులర్ నాకు రెండే నిమిషాలు దొరికింది, మిగతా సేపంతా ఆమె కళ్ళ దగ్గరే. పొద్దు వాలేదాకా నిలబడి, సూళ్ళూరుపేటలో లాడ్జి తీసుకున్నాం. మీరు పోయేటట్టయితే పొద్దునే పోండి, పక్షులు ఒడ్డుకు దగ్గరగా మేస్తాయట. మాకు ఆ అదృష్టం లేదు.

ఇంటికొచ్చి పది రోజులైంది. లైటు మళ్ళీ వెలగలేదు. తిరిగొచ్చిన దారంతా గిరిజ ముందు సీట్లోనే కూర్చుంది, చిత్తూరు వరకు నన్ను పదిహేనుసార్లు ఆగమంది. లెక్కపెట్టాను, విసుక్కున్నాను, ఆగాను. స్కానర్ల మీద నాకు ఇప్పుడు కోపం లేదు. అవి పాపం అడిగినదానికి జవాబు చెప్పాయి. నా కారు కంప్యూటరు వారం రోజులు లైటు వేసి మరీ ఏదో తేడాగా ఉందని మొత్తుకుంది, అది మంచిదే. ఇంట్లో మనిషి అంతకన్నా ఎక్కువ రోజులు, ఏ లైటూ లేకుండా భయపడుతూ బతికింది. అది నాకు కనబడలేదు. ఎవరికి ఏమైందో కనుక్కోవడం మెకానిక్‌ల పని అనుకునే అలవాటు నాది, దాన్ని ఏ స్కానరూ చెరపలేదు.

ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకు ఒకే ఒక్క సలహా. కారులో పసుపు లైటు వెలిగితే, ఏ సెంటర్‌కూ తోలుకుపోకముందే బానెట్ మీ చేత్తో మీరే ఒకసారి ఎత్తి చూడండి. అక్కడ మీరు కట్టనిది ఏదైనా కట్టి ఉంటే తెంపకండి. కట్టినవాళ్ళను పిలిచి, ఎందుకు కట్టారో అడగండి.